నవ్వినోళ్ళకి చెప్పండి

బుధవారం పొద్దున్నే హయాత్ మెడలోని ఈల నోట్లో పెట్టుకుని, షెడ్డు తలుపు గడియ లాగి, "దిగాలి, దిగాలి, ఆఖరి స్టాపు!" అని కేకేసి ఒక పొడుగాటి కూత ఊదాడు. ముప్ఫయ్యేళ్ళు గుంటూరు-వినుకొండ బస్సుని ఆపి నడిపిన ఈల అది. రిటైరైన రోజున సంచీ, టిక్కెట్ల మిషనూ అప్పగించి, ఈల మాత్రం ఎక్కడో పడిపోయిందని చెప్పి జేబులో వేసుకొచ్చాడు. ఆ అబద్ధం ఆరు నెలలుగా అరవై నాటుకోళ్ళని మేపుతోంది. కూత వినపడితే చాలు, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, ఫుట్‌బోర్డు మీంచి దూకే కాలేజీ కుర్రాళ్ళలాగా బయటికి ఉరికేవి.

ఆ రోజు ఉరకలేదు. పదో పన్నెండో గడప దాకా వచ్చి, వెలుతురు చూసి, తలలు వాల్చి నిలబడిపోయాయి.

హయాత్ ఇంకోసారి ఊదాడు. ఆ తర్వాత వంగి లోపలికి వెళ్ళాడు. ఊక పరిచిన నేల మీద కోళ్ళు ఈకలు ఉబ్బించుకుని, మెడలు లోపలికి లాక్కుని, ఆఖరి ట్రిప్పులో కునికే కూలీల్లా ముడుచుకుని కూర్చున్నాయి. మూలనున్న ఎర్రపెట్టని లేపబోతే దాని మెడ అతని మణికట్టు మీంచి జారి వేలాడింది. దాని పక్కన ఇంకోటి. నీళ్ళతొట్టి వెనక రెండు. ఒక్కొక్కటే బయటికి తెచ్చి గోనెపట్టా మీద వరసగా పడుకోబెట్టాడు. పదకొండయ్యాయి. వరస తిన్నగా లేదనిపించి, మళ్ళీ వంగి, కాళ్ళన్నీ ఒకే వైపు ఉండేలా సర్దాడు.

భార్య అమీర్‌బీ నూకల బేసినుతో వచ్చి, వరసని చూసి, బేసిను చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"నిన్న సాయంత్రమే చెప్పానండీ, గొంతులో గురగురమంటున్నాయని. మీరు జలుబన్నారు."

"జలుబుకి పదకొండు చస్తాయా?" హయాత్ కంచె వైపు తిరిగి ముక్కుతో గాలి గుంజాడు. "వాసన చూడు. నీకే తెలుస్తుంది."

ఇనప జాలీ కంచెకి అవతల మూడెకరాల మిరపతోట. కాయ అప్పుడప్పుడే ఎరుపు తిరుగుతోంది. నిన్న మధ్యాహ్నం దాకా దాన్ని సాగుచేసే జక్రయ్య వీపుకి ట్యాంకు కట్టుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, సాలు తర్వాత సాలు తామరపురుగుకి మందు కొట్టాడు. ఆ ఘాటు ఇంకా పోలేదు. ఈ చేల మధ్య కార్తీకం దాటిందంటే గాలికి వేరే వాసనే ఉండదు. అయినా ఆ పొద్దున మాత్రం అది దారి కనుక్కుని తన షెడ్డు మీదికే వచ్చినట్టు తోచింది హయాత్‌కి.

సోమవారం సాయంత్రం జక్రయ్య కంచె దగ్గరికొచ్చి చెప్పిన మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. "రేపు మందు కొడతన్నా కండక్టరు గారూ. కోళ్ళని లోపల పెట్టుకోండి. బయటికొస్తే చస్తాయి."

"నా కోళ్ళు స్వేచ్ఛా విహంగాలు జక్రయ్యా, వాటికి లైఫ్‌టైమ్ బస్‌పాస్ ఉంది," అని నవ్వేశాడు తను. మంగళవారం మామూలుగానే వదిలాడు. అవి మామూలుగానే జాలీ కింద మట్టి గీరుకుని అవతలికి దూరాయి.

"చస్తాయి అన్నాడు," అన్నాడు హయాత్. "చంపి చూపించాడు."

"పశువుల ఆసుపత్రికి తీసికెళదాం ముందు."

అతను వినలేదు. ఎర్రపెట్టని కాళ్ళు పట్టుకుని ఎత్తి, సెంటరు వైపు నడిచాడు.

*

తంగెడుపాలెం సెంటరంటే కోటేష్ టీకొట్టూ, బస్సు తిరిగే జాగా, రెండు సిమెంటు బల్లలూ. అంతే. అక్కడ ఎనిమిదీ నలభై బస్సు కోసం వచ్చేవాళ్ళు కొందరు, హయాత్ మాటల కోసం వచ్చేవాళ్ళు కొందరు. ఊళ్ళోకి వచ్చిన మొదటి వారమే, "పెట్టల మీద పెట్టిందే అసలు పెట్టుబడి, పుంజులుంటే వ్యాపారం దానంతటదే పుంజుకుంటుంది," అని బల్లెక్కి ప్రకటించిన మనిషి. అప్పట్నించీ కోటేష్ మొదటి టీ ఆయనకే పోస్తున్నాడు.

చచ్చిన కోడితో వస్తున్న హయాత్‌ని చూసి జనం లేచి నిలబడ్డారు. ఏడవాలని ఉంది హయాత్‌కి. కానీ అన్ని మొహాలు తన నోటి వైపే తిరిగేసరికి, నోరు పాత దారే పట్టింది.

"గుడ్లు పెట్టాల్సినవి గుడ్లు తేలేశాయి కోటేషూ!"

నవ్వారు. పాపం అనుకుంటూనే నవ్వారు. ఆ నవ్వు చెవిన పడగానే హయాత్‌కి ఊపిరాడింది. ఎర్రపెట్టని బల్ల మీద పెట్టి, జక్రయ్య కంచె దగ్గరికెలా వచ్చాడో, మూతికి తువ్వాలుతో ఎలా బెదిరించాడో, నడకతో సహా చేసి చూపించాడు. సోమవారం సాయంత్రం జక్రయ్య మూతికి తువ్వాలు లేదు. కథకి బాగుంటుందని కట్టాడు.

పత్తి తీతకి వెళ్ళే ఆడవాళ్ళు ఒడిసంచులు నడుముకి చుట్టుకుని రోడ్డువార నిలబడి ఉన్నారు. వాళ్ళలోంచి జక్రయ్య భార్య సువార్త బల్ల దగ్గరికి వచ్చింది. మొగుడి నడకని అనుకరిస్తున్న మనిషిని దాటుకుని, నేరుగా కోడి దగ్గరికే వచ్చింది. రెక్క ఎత్తి చూసింది. తోక కింద ఈకలు రెండు వేళ్ళతో విడదీసింది. మెడ కింద మేతసంచిని నొక్కి చూసింది.

"ఇది మందు కాదండీ కండక్టరు గారూ. కొక్కెర తెగులు. పచ్చగా పారింది చూడండి. మందు తిని చస్తే మేతసంచి నిండా మేతుంటది. ఇది రెండ్రోజుల్నించీ ముక్కు ముంచలేదు. ఉన్నవాటిని వేరే పెట్టుకోండి, లేకపోతే అన్నీ..."

"ఏమ్మా," అన్నాడు హయాత్, బస్సు వెనకసీటు దాకా వినపడే గొంతుతో, "పేరేమో సువార్త, చెప్పేదేమో దుర్వార్త!"

సెంటరంతా ఒక్కసారి పగలబడింది. కోటేష్ చేతిలో టీగిన్నె ఊగి పొయ్యి మీద చిందింది. పత్తి తీతకి వెళ్ళేవాళ్ళు కూడా కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సువార్త ఇంకేదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి, కానీ ఆ నవ్వులో అదేమిటో ఎవరికీ వినపడలేదు. ఆమె కోడి రెక్కని మళ్ళీ మూసి, తల పక్కకి సర్ది, చేతులు ఒడిసంచికి తుడుచుకుని, ఆడవాళ్ళలోకి వెళ్ళి నిలబడింది.

నవ్వు సద్దుమణిగాక సంజీవరావు పేపరు మడిచాడు. జక్రయ్య కౌలుకి చేసే ఆ మూడెకరాలూ ఆయనవే. తెల్లచొక్కా, గుండీలన్నీ పెట్టుకునే మనిషి. ఏనాడూ హయాత్ మాటకి నవ్వి ఎరగడు.

"కండక్టరు గారూ, మందు పడింది నా పొలంలోంచి. రేపు నలుగురూ నా పేరే చెప్పుకుంటారు. జక్రయ్య కావాలనే చేశాడంటారా?"

అంత సూటిగా అడుగుతాడనుకోలేదు హయాత్. చుట్టూ చూశాడు. అందరూ వింటున్నారు.

"ఊఁ," అన్నాడు.

"అది చాలు," అని సంజీవరావు బండెక్కాడు.

మధ్యాహ్నం హయాత్ గొయ్యి తవ్వుతుండగా కంచె అవతల మోటారు చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాడు. తన ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. అవతల సంజీవరావు స్టార్టరు పెట్టెకి తాళం వేసి, తాళంచెవి చొక్కాజేబులో వేసుకుని వెళ్ళిపోతున్నాడు. జక్రయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు. డ్రిప్పు గొట్టాల్లోంచి ఆఖరి బొట్లు రాలుతున్నాయి.

*

గురువారం పొద్దున్నకి ఇంకో తొమ్మిది పోయాయి.

హయాత్ ఈల ఊదలేదు. గోతిలో సున్నం చల్లి, ఒక పొర కోళ్ళు పేర్చి, మళ్ళీ సున్నం చల్లాడు. కొన్నిటికి ఇంకా ప్రాణం ఉంది, కానీ మెడలు మెలి తిరిగి వెనక్కి చూస్తున్నాయి, బస్సు దిగాక ఏదో మర్చిపోయినవాళ్ళలాగా. అమీర్‌బీ వాటి నోళ్ళలో దూదితో నీళ్ళు పిండుతోంది. అవి మింగటం లేదు.

"ముందు పోయిన వాటిల్లో సంతలో కొన్నవి ఎన్ని?" అంది ఆమె, తల ఎత్తకుండా.

"ఇప్పుడదెందుకు?"

"ఊరికే అడిగా."

కంచె దగ్గర అలికిడైంది. జక్రయ్య. యాభై దాటినవాడు, పొట్టి, ఎండకి కమిలిన మెడ. చేతులు జాలీ మీద వేయకుండా, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"గాలి కొండ వైపుందండీ మంగళవారం. చూసుకునే మొదలుపెట్టా. మధ్యలో ఇటు తిరిగితే ఆపేశా కూడా. ఆ మూల నాలుగు సాళ్ళు కొట్టలేదు, కావాలంటే చూడండి, ముడతొచ్చింది."

హయాత్ పార మట్టిలో గుచ్చాడు. చూడలేదు. చూస్తే కనపడేది. ఆ మూల సాళ్ళలో ఆకులు దోనెల్లా పైకి ముడుచుకుని, మిగతా తోటకంటే తెల్లబోయి ఉన్నాయి.

"అయ్యగారికి ఒక్కమాట చెప్పండి కండక్టరు గారూ. మందు సంగతి తర్వాత తేల్చుకుందాం. కాయ మీదుంది తోట. నీళ్ళాగితే మూడ్రోజుల్లో కాయ తెల్లబారిద్ది."

"నీకూ నాకూ మధ్య కంచె ఉంది జక్రయ్యా. కంచె అవతలి సంగతి నాకు చెప్పకు."

జక్రయ్య గోతిలోకి ఒకసారి చూసి, తువ్వాలు తలకి చుట్టుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి తోటలో కొమ్మల చివర్లు వాలటం మొదలైంది. ఎండకి అన్ని తోటలూ వాలతాయి, సాయంత్రానికి లేస్తాయి. ఈ తోట సాయంత్రం కూడా లేవలేదు. హయాత్ షెడ్డు కడగటానికి వచ్చి, చీపురు చేతిలో పట్టుకునే దాన్ని చూశాడు.

*

శుక్రవారం చచ్చిన కోడినొకదాన్ని సంచిలో, చావబోతున్న కోడిని గంపలో పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు ఎవరో కొత్త మనిషి. గంపకి టిక్కెట్టు కొట్టాలా వద్దా అని తటపటాయిస్తుంటే, "కొట్టు నాయనా, దిగేదాకా అది ఉంటుందో ఉండదో," అన్నాడు. వెనకసీట్లో ఎవరో నవ్వారు. తను నవ్వించాలని అనలేదు.

వినుకొండ పశువుల ఆసుపత్రిలో డాక్టరు అన్విత చిన్నపిల్ల. గ్లవ్సు తొడుక్కుని, రేకు బల్ల మీద చచ్చిన కోడిని వెల్లకిలా పడుకోబెట్టి, కత్తెరతో రొమ్ము దగ్గర్నించి చీల్చింది. లోపలి సంచిని విప్పి, నీళ్ళతో కడిగి, అతని వైపు తిప్పింది. తెల్లటి గోడ మీద ఎర్రటి చుక్కలు, సూదితో పొడిచినట్టు.

"కొక్కెర తెగులండీ. అనుమానమే అక్కర్లేదు."

"మందు కాదా?"

"మందైతే ఇలా ఉండదు. దీని కడుపు చూడండి, ఖాళీ. మేత మానేసి రెండు మూడు రోజులై ఉంటుంది. మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా? కోళ్ళు పెంచే ఆడవాళ్ళకి తోక ఎత్తి చూడగానే తెలిసిపోతుందే!"

హయాత్ వంగి గంప మూత సర్దాడు.

"ఈమధ్య కొత్త కోళ్ళేమన్నా తెచ్చి కలిపారా?"

"లేదమ్మా," అన్నాడు.

ఆమె తలూపి, చేతులు కడుక్కోవటానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. హయాత్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బయట ఏమీ లేదు, గోడా, గోడకి ఆనించిన సైకిలూ. టిక్కెట్టు లేనివాడు ఎప్పుడూ కిటికీలోంచి బయటికే చూస్తాడు. ముప్ఫయ్యేళ్ళు తను వాళ్ళని ఆ చూపుతోనే పట్టుకున్నాడు. ఎంత మందిని! ఎంత నవ్వు పుట్టించి దింపాడు వాళ్ళని!

అంతకు ముందు వారం గురువారం సంతలో మోటారు సైకిలుకి తలకిందులుగా వేలాడిన ఎనిమిది కోళ్ళు కళ్ళ ముందుకొచ్చాయి. వాటి ముక్కుల్లోంచి జిగురు కారుతోంది. "ఎండకి డస్సిపోయినయ్ సాయిబుగారూ, నీళ్ళు తాగితే లేస్తాయ్," అన్నాడు అమ్మినవాడు. సగం ధరకే ఇస్తుంటే ఎండ సంగతి తను ఆలోచించలేదు. అది చలికాలం. ఇంటికి తెచ్చి, గంప విప్పి, అరవైలోకి నేరుగా వదిలేసి, "స్టాండింగులో సర్దుకోండి!" అన్నాడు. వాటిల్లో ఎర్రపెట్ట ఒకటి.

"తెచ్చానమ్మా," అన్నాడు కిటికీ వైపు నుంచి తిరక్కుండానే. "ఎనిమిది. సంతలో."

అన్విత తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అతన్ని చూసింది. కోప్పడలేదు. బాగున్నవాటికి వేయాల్సిన టీకా మందు చిన్న సీసాలో, మంచు గడ్డలేసిన ఫ్లాస్కులో పెట్టిచ్చింది. షెడ్డు కడిగి సున్నం కొట్టమంది. మూడు నెలలు కొత్త కోళ్ళు తేవొద్దంది.

"పక్కవాళ్ళ కోళ్ళతో కలుస్తాయా మీవి?"

"కలుస్తాయి."

"అయితే ఈపాటికి వాళ్ళవి కూడా పోయి ఉంటాయి. వెళ్ళగానే చెప్పండి."

*

బస్సు దిగేసరికి కోటేష్ కొట్టు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. సంజీవరావు కూడా ఉన్నాడు.

"ఏమైంది కండక్టరు గారూ? డాక్టరేమంది?" కోటేష్ అప్పుడే గ్లాసు కడుగుతున్నాడు.

చెప్పాలనే దిగాడు. దారి పొడుగునా మాటలు పేర్చుకునే వచ్చాడు. ఫ్లాస్కు గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. అందరూ ఎదురు చూస్తున్నారు, పెదాల చివర నవ్వు ముందే సిద్ధం చేసుకుని.

"డాక్టరమ్మ కోసి చూసింది. నేను కోతలు కోసి వచ్చాను!"

నవ్వులు. హయాత్ టీ తాక్కుండానే ఇంటి దారి పట్టాడు. దారిలో మిరపతోట. కాయలు కింది నుంచి పాలిపోతున్నాయి.

అమీర్‌బీ ఫ్లాస్కు అందుకుని, అతని మొహం చూసింది. కూర్చుని, ఆ పొద్దున పోయినవీ, మెడలు తిరిగినవీ పోగా మిగిలిన ఇరవై నాలుగు కోళ్ళనీ ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని, హయాత్ చేత కంట్లో ఒక చుక్క వేయించింది. పదిహేనో కోడి దగ్గర అతనే అన్నాడు.

"మందు కాదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"సువార్త కోళ్ళు కూడా పోయాయండీ. అయిదూ. గుడ్ల మీదున్న పెట్టతో సహా. నిన్న మజ్జిగ పోద్దామని వాళ్ళింటికెళితే గొయ్యి తవ్వుతోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

అమీర్‌బీ చేతిలోని కోడి కంటిరెప్పని వేలితో సవరించింది. "నిన్న మీరు ఎవర్ని చెప్పనిచ్చారు?" అని, పదహారో కోడి కోసం చెయ్యి చాపింది.

*

శనివారం పొద్దున్నే జక్రయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. చర్చి దాటాక మూడో ఇల్లు. వాకిట్లో కోళ్ళ గంప బోర్లా వేసి ఉంది. గంప మీద ఒక పాత గిన్నెలో ఊక, ఊకలో తొమ్మిది గుడ్లు. ముట్టుకోకుండానే తెలుస్తోంది, చల్లారిపోయాయని.

చేతిపంపు దగ్గర జక్రయ్య ట్యాంకు నింపుతున్నాడు. మందు కొట్టే ట్యాంకు అదే. సబ్బుతో తోమి తోమి ఒళ్ళంతా గీతలు పడింది. నింపి, వీపుకెత్తుకుని, నాజిలు తీసేసిన గొట్టం చేత్తో పట్టుకుని తోట వైపు నడిచాడు. హయాత్ వెనకే వెళ్ళాడు. ఒక్కో మొక్క మొదట్లో గొట్టం పెట్టి, నోట్లో ఏదో లెక్కపెట్టుకుని, తీసి, ఇంకో మొక్కకి. ఒక ట్యాంకుకి ఒక సాలులో సగం. మూడెకరాల తోట. అతను వెనక్కి తిరిగి హయాత్‌ని చూసి కూడా ఆగలేదు. ట్యాంకు అయిపోయాకే ఆగాడు.

వెనకనుంచి సువార్త బిందెతో వస్తోంది. ఆమె ఆగింది.

"మీరు చెప్పిందే నిజమమ్మా," అన్నాడు హయాత్. గొంతు చిన్నదైపోయింది, తనకే కొత్తగా వినపడింది. "కొక్కెర. సంతలోంచి నేనే తెచ్చాను. మీ కోళ్ళూ నా వల్లే పోయాయి. నా దగ్గర ఇరవై నాలుగున్నాయి, వాటిల్లో మీకు కావలసినవి..."

"ఇప్పుడొద్దండీ. జాడ్యం తగ్గాలి. మూడు నెలలన్నా ఆగాలి." డాక్టరు చెప్పిన లెక్కే. చదువుకున్నది కాదు ఆమె.

"నన్ను క్షమించమని అడగటానికొచ్చాను."

సువార్త బిందె దించి, చుట్టకుదురు సరిచేసుకుంది.

"నాకు చెపితే ఏమొస్తదండీ? నాకు బుధవారమే తెలుసు. నవ్వినోళ్ళకి చెప్పండి."

*

ఎనిమిదీ నలభై బస్సు అప్పుడే తిరిగి ఆగింది. కోటేష్ కొట్టు ముందు జనం. రోడ్డువార పత్తి తీతకి వెళ్ళేవాళ్ళు. సిమెంటు బల్ల మీద సంజీవరావు, పేపరు. హయాత్ నేరుగా వెళ్ళి, బస్సు ఫుట్‌బోర్డు ఎక్కి, మెడలోని ఈల తీసి గట్టిగా ఊదాడు. అందరూ తిరిగారు. తిరుగుతూనే మొహాలు విచ్చుకున్నాయి.

"నా కోళ్ళు మందుతో చావలేదు. కొక్కెరతో చచ్చాయి. సంతలో చవగ్గా వస్తున్నాయని రోగపు కోళ్ళని నేనే తెచ్చి కలిపాను. సువార్త గారు బుధవారం ఇక్కడే చెప్పారు. జక్రయ్య గారి తప్పేమీ లేదు."

ఒక్క క్షణం ఎదురు చూశారు. తర్వాత కోటేష్ ఫక్కున నవ్వాడు.

"బాగుంది! జక్రయ్య గారు! తర్వాత, తర్వాత?"

అందరూ అందుకున్నారు. ముక్తాయింపు ఎప్పుడొస్తుందా అని మెడలు చాపారు. హయాత్ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆ నవ్వు కోసం బతికాడు. ఇప్పుడది మొహం మీద నీళ్ళు కొట్టినట్టుంది.

"తర్వాతేమీ లేదు," అన్నాడు. మళ్ళీ మొదట్నించీ చెప్పాడు, ఒక్క మాట మార్చకుండా. ఈసారి సగం మందే నవ్వారు. డ్రైవరు మెడ తిప్పి అతని మొహం చూసి ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో హయాత్ మూడోసారి చెప్పాడు. "నేను ఊఁ అన్నది అబద్ధం" అని కూడా కలిపాడు. ఎవరూ నవ్వలేదు. కోటేష్ చేతిలోని గుడ్డతో బల్ల తుడవటం మొదలుపెట్టాడు, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ. రోడ్డువార, ఆడవాళ్ళ వెనకగా వచ్చి నిలబడిన సువార్త ఒడిసంచి ముడి బిగించుకుంది.

హయాత్ ఫుట్‌బోర్డు దిగి సంజీవరావు ముందుకి వెళ్ళాడు.

"ఆ రోజు నా మాట మీద తాళం వేశారు. ఇవాళ కూడా నా మాటే. తీసెయ్యండి."

సంజీవరావు మొదటిసారి నవ్వాడు. హయాత్ మాటకి ఆయన నవ్వగా ఊరు చూడటం అదే మొదలు.

"మీ మాట మీద వేశాననుకున్నారా? ఆ పొలం ఏడాదిగా వేరేవాళ్ళు అడుగుతున్నారు కండక్టరు గారూ. వీడు కదిలితేగా. మీ మాటతో నాకు ఆ ఒక్క రోజే పని."

"కాయ మీదున్న తోటకి నీళ్ళాపటం మర్యాద కాదండీ," అన్నాడు కోటేష్, బల్ల వైపే చూస్తూ. ఇంకెవరో అవునన్నారు. సంజీవరావు పేపరు మడిచి, చొక్కాజేబు ఒకసారి తడుముకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. తాళంచెవి ఆయనతోనే వెళ్ళింది.

*

హయాత్ ఇంటికొచ్చి కటింగ్ ప్లయరు వెతికాడు. కోళ్ళ కోసం, ఆకుకూర మడి కోసం వేయించిన చిన్న బోరు తనది. ఒంటి గొట్టం, సన్నటి ధార. షెడ్డు చుట్టూ చుట్టిన నల్లగొట్టాన్ని విప్పాడు. అమీర్‌బీ రెండో కొస పట్టుకుని మెలికలు తీసింది. కంచె దాకా వచ్చింది, ఇంకో పది బారలు కావాలి. ఆమె వంటింటి వెనక బట్టలుతికే చోటి గొట్టం కూడా ఊడదీసుకొచ్చింది.

ఆరు నెలల కిందట ఈ జాలీని తనే దగ్గరుండి బిగించి కట్టించాడు. ఇప్పుడు ఒక్కో తీగ కట్ చేస్తుంటే చేతికి గీరుకుంటోంది. మనిషి దూరేంత సందు అయ్యాక గొట్టం అవతలికి తోసి, మోటారు వేశాడు. గొట్టం ఒకసారి ఎగిరి, గాలి కక్కి, నీళ్ళు పోసింది.

జక్రయ్య ట్యాంకుతో వస్తూ దూరం నుంచే చూశాడు. దగ్గరికొచ్చి, వీపు మీది ట్యాంకు దించకుండానే వంగి, గొట్టం కొసని ఆ ముడతొచ్చిన మూల సాళ్ళ నుంచి తప్పించి, కాయ బాగా ఉన్న సాలులోకి తిప్పాడు. పారతో అడ్డం మట్టి తీశాడు. అప్పుడు దించాడు ట్యాంకుని. భుజాల మీద పట్టీలు నొక్కుకుపోయిన గీతలు ఎర్రగా ఉన్నాయి.

"ఈ ధారకి తోటంతా తడవాలంటే నాలుగు రోజులు పడుద్దండీ. సగమన్నా దక్కుద్దేమో."

"రాత్రీపగలూ వేసుకోండి. నా కోళ్ళకి బిందెతో పోస్తాం."

ఇద్దరూ కంచెకి చెరో వైపు నిలబడి నీళ్ళని చూశారు. ఎండిన నేల ముందు శబ్దం చేస్తూ తాగింది. తర్వాత నీరు మెల్లగా, ఒక్కో మొక్క దగ్గర ఆగి ఆగి, ముందుకి కదిలింది. బతికిన కోళ్ళలో ఒకటి షెడ్డులోంచి తప్పించుకొచ్చి కొత్త సందు దగ్గర మెడ చాపి అవతలికి చూస్తోంది. హయాత్ ఈల కోసం మెడ తడుముకున్నాడు. ఊదలేదు. వంగి, రెండు చేతులతో కోడిని ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

"కండక్టరు గారూ," అన్నాడు జక్రయ్య, నీళ్ళ వైపు చూస్తూనే. "సోమవారం మందు కొడతన్నా. కోళ్ళని లోపల పెట్టుకోండి. బయటికొస్తే చస్తాయి."

"పెట్టుకుంటానండీ," అన్నాడు హయాత్.

మొదటి సాలు చివరి మొక్క దాకా నీళ్ళు వెళ్ళాయి. జక్రయ్య పార తీసుకుని రెండో సాలుకి గండి కొట్టాడు.